పదహారు మంది కాపరులు

డిసెంబరు పదమూడో తారీకు, శనివారం పొద్దున్న అరుణశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. శనివారాలు మాత్రమే సంతకని నడిచే ఎనిమిది గంటల బస్సులో ఊరి నుంచి మూడు గొంగళ్ళు, మూడు కర్రలు వస్తాయి. బస్సు కాంప్లెక్సులో వాటిని దింపుకుని, ఆటోలో కాలేజీకి తెచ్చి, ముగ్గురు అబ్బాయిలకి కప్పేస్తుంది. పదకొండున్నరకల్లా సెమీ క్రిస్మస్ నాటకం ముగుస్తుంది. పన్నెండింటికి ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం మీద సంతకం పెడతారు. అంతే! ఇంత చిన్న పథకం వేసుకుని అంత పెద్ద గొడవలో పడిన పిల్ల విజయనగరం జిల్లాలో మరొకతె ఉంటుందని నేననుకోను.

ఆ సంతకం సంగతి ముందు చెప్పాలి. పిల్ల ప్రాణమంతా దానిమీదే ఉంది మరి. నెల్లిమర్ల రోడ్డులో ఒక చిన్న మిషన్ కాలేజీ ఉంది. రెండు వందల నలభై మంది విద్యార్థులు, పన్నెండు మంది లెక్చరర్లు, పెద్ద గంట ఒకటి. అరుణశ్రీది అక్కడ బి.యస్సీ రెండో సంవత్సరం. రామతీర్థం అవతల పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆ పల్లె రోజువారీ బస్సు కాలేజీ ముందు ఆగేది తొమ్మిదీ నలభైకి. కాలేజీలో హాజరు పిలిచేది తొమ్మిదింటికి. ఇది చాలదన్నట్టు అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి, కరెంటు స్తంభాలతో పాటు ఆడిటోరియం పైకప్పు రేకులు కూడా ఎత్తుకుపోయింది. మూడు వారాలపాటు ఆ పల్లెకి బస్సే లేదు. లెక్క తీస్తే నూట పాతిక పనిదినాల్లో ఆమె హాజరు ఎనభై. అంటే అరవై నాలుగు శాతం. డెబ్భై అయిదు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

"ఏడాది పోయిందంటే మరి సదివేది లేదు. వచ్చి పొలం పని సూసుకో," అని వాళ్ళ నాన్న ఒక్కసారే అన్నాడు. ఆయన దేన్నైనా ఒక్కసారే అంటాడు. బోటనీ టీచరు కావాలని ఎనిమిదో తరగతి నుంచి కలలు కంటున్న అరుణశ్రీకి ఆ మాట విన్న రాత్రి అన్నం దిగలేదు.

అప్పుడు ఆదుకున్నది ఇంగ్లీషు లెక్చరర్ రాజకుమారి మేడమ్. నాటకం ఆడించేవాళ్ళకి రిహార్సల్ రోజులు హాజరుగా కలుపుతారని ఆవిడే గుర్తు చేసి, అరుణశ్రీని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది. మైకు లేకపోయినా ఆఖరి బెంచీకి వినపడే గొంతు కాలేజీ మొత్తానికి ఈ పిల్ల ఒక్కదానిదే అని సిఫారసు కూడా చేసింది.

ప్రిన్సిపాల్ రెవరెండ్ జగన్నాధం గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆయనకి రెండంటే ప్రీతి: సమయపాలన, నిశ్శబ్దం.

"పదిహేను రోజులు కలిపితే డెబ్భై ఆరు శాతం అవుతుంది. కలుపుతాను. కానీ చూడమ్మా, ఆ రోజు మిషన్ బోర్డు ఛైర్మన్ గారు కాకినాడ నుంచి వస్తున్నారు. పైకప్పు వేయిస్తారో లేదో ఆయన చేతిలో ఉంది. నాటకం సవ్యంగా జరిగితే సంతకం. పరువు పోయిందా, సంతకం లేదు. ఆమేన్."

అరుణశ్రీ కూడా ఆమేన్ అంది. ఆ రోజు నుంచి హాస్టల్లో స్నేహితురాలి గదిలో చాప పరుచుకుని మకాం పెట్టింది. చేస్తే సరిగ్గా చేయాలన్నది ఆమె జబ్బు. కథ తెలియకుండా నాటకమేమిటని పరిశుద్ధ గ్రంథంలో క్రిస్మస్ కథ ఉన్న అధ్యాయాన్ని పదకొండుసార్లు చదివింది. కాలేజీ స్టాఫులో ఎవరూ ఆ పని చేయలేదు. వాళ్ళకి కథ చిన్నప్పటి నుంచి తెలుసు కదా!

చిక్కల్లా నాటకంలోని గొర్రెల కాపరుల బట్టల దగ్గర వచ్చింది. కిందటేడు ముగ్గురు కాపరులూ తలకి హాస్టలు తువ్వాళ్ళు చుట్టుకుని వస్తే, ఛైర్మన్ గారు "వీళ్ళు ముగ్గురూ స్నానానికి వెళ్తున్నారా?" అని అడిగారట. ఈసారి నిజం గొంగళ్ళు కావాలంది రాజకుమారి మేడమ్. గొంగళ్ళకేం, మా ఊళ్ళో గొర్రెల మందలున్నాయి అని అరుణశ్రీ గురువారం సాయంత్రం మేనమామ నరసింగరావుకి ఫోను చేసింది. నరసింగరావు మంచివాడు. ఎవరికే సాయం కావాలన్నా తన పని మానుకుని పరిగెడతాడు. కాకపోతే, అడిగినవాళ్ళు మాట పూర్తి చేసే లోపే పరుగు మొదలెడతాడు.

"మావయ్యా, శనివారం మా కాలేజీలో ప్రోగ్రాం. గొర్రెల కాపర్ల సామాను కావాల. ముగ్గురికి సరిపోయేది..."

"ప్రోగ్రామా? కాపర్లదా? ఓస్, అంతేకదేటి! నాకు ఒగ్గీయే అమ్మీ. నీ పరువు నిలబెడతాను. శనివారం పొద్దున్నకల్లా అక్కడుంటాది," అని ఫోను పెట్టేశాడు. శనివారం బస్సులో పంపుతాడనే ఆమె అనుకుంది.

మన ప్రాంతంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ప్రోగ్రాం అని, గొర్రెల కాపర్లని, సామానని ఒకే ఊపిరిలో అంటే ఎవడి బుర్రకైనా తట్టేది ఒక్కటే: తప్పెటగుళ్ళు. గుండెలకి రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలేసుకుని, మందలు కాసేవాళ్ళు గుంపుగా పాడుతూ ఎగిరే ఆట అది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అది చూస్తూ పెరిగిన అరుణశ్రీకి ఆ క్షణంలో మాత్రం అది తట్టలేదు. ఆమె బుర్ర నిండా బేత్లెహేమే ఉంది.

శనివారం ఎనిమిదింటికి బస్సు వచ్చింది. గొంగళ్ళు రాలేదు. కండక్టరుకి తెలియదు, డ్రైవరుకి తెలియదు. అరుణశ్రీ ఫోను చేసింది.

"బస్సులోనేటే? సామాను బస్సులో పడతాదేటి? వ్యాను కట్టించి పంపాను. ఈపాటికి మీ కాలేజీలో దిగిపోయుంటాది," అన్నాడు నరసింగరావు.

మూడు గొంగళ్ళకి వ్యానేమిటో ఆమెకి అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ఆటో ఎక్కింది.

అక్కడ కాలేజీ వంటశాలలో బుల్లమ్మ తన పని తాను చేసేసింది. ఆమె ఇరవై ఏళ్ళుగా హాస్టలు వంటమనిషి. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప రెండో మాట తెలియదు. "బుల్లమ్మా, పొద్దున్నే వ్యానులో పదహారు మంది వస్తారు. దిగీ దిగగానే టిఫిన్ పెట్టెయ్యి. ఆలస్యం చేస్తే ప్రిన్సిపాల్ గారు ఊరుకోరు," అని ముందురోజే రాజకుమారి మేడమ్ చెప్పింది. పొద్దున్నే వ్యాను వచ్చింది. పదహారు మంది దిగారు. బుల్లమ్మ ఆలస్యం చేయలేదు. ఇడ్లీ, గారె, అల్లప్పచ్చడి, అరటిపండు, ఆఖరున కాఫీ కూడా పోసింది. మిషన్ బోర్డు మెంబర్లకి గజ్జెలెందుకున్నాయని ఆమె అడగలేదు. పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకని ఊరుకుంది.

అరుణశ్రీ గేటులో ఆటో దిగేసరికి పదహారు మంది తృప్తిగా మూతులు తుడుచుకుంటూ వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. తెల్ల బనీన్లు, నడుముకి రంగురంగుల గుడ్డలు, గుండెల మీద తళతళలాడే తప్పెటలు. ముందు నిలబడ్డ మీసాల పెద్దాయన మేళం గురువు గంగులు.

"ఓలమ్మో! గంగులు తాతా, నువ్వేటి ఇలగొచ్చేవు?"

"నరసింగరావు బాబు కబురెట్టాడు కదమ్మా. మీ కాలేజీలో ప్రోగ్రాం అంటగదా."

"నేను ముగ్గురికి సామానే కదా అడిగేను, మూడు గొంగళ్ళు!"

గంగులు నొచ్చుకున్నాడు. "గొంగడి మనిషి లేకండా ఎక్కడికెల్తాదమ్మా? మా మేళంలో ఒకడి సామాను ఇంకొకడికియ్యం. మా తాతలకాడ్నుంచీ అంతే. తప్పెటైనా, కర్రైనా, గొంగడైనా. సామాను కావాలంటే మనిసి రావాల. ముగ్గుర్నే పంపమన్నాడు బాబు. ముగ్గురితో మేళమేటి, నలుగురూ నవ్వరా? అందుకే అందరం వచ్చీసేం."

"పోనీ గొంగళ్ళు తెచ్చేరా?"

"తప్పెట కట్టినాక గొంగడెందుకమ్మా, ఉక్కపోత!"

అంటే కావలసిన గొంగళ్ళు రాలేదు, అక్కర్లేని పదహారు తప్పెటలు వచ్చాయి. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని సామెత. అరుణశ్రీకి పదహారు డోళ్ళు!

అప్పుడే బోర్డు వారి వ్యాను కూడా వచ్చింది. ఛైర్మన్ గారితో కలిపి పదహారు మంది దిగారు. ప్రిన్సిపాల్ గారు పూలదండలతో ఎదురెళ్ళి, ముందు టిఫిన్ చేద్దురు గాని రండి అని వంటశాలకి తీసుకెళ్ళారు. అక్కడ బుల్లమ్మ గిన్నెలు తోముకుంటోంది.

"టిఫినా? పెట్టీసేను కదండి బాబూ. పదహారు మందీ సుబ్బరంగా తిన్నారు. ఒకాయన గారెలు మారు కూడా అడిగేడు."

ప్రిన్సిపాల్ గారు బయటికి వచ్చారు. వేపచెట్టు కింద ఉన్నవాళ్ళని లెక్కపెట్టారు. ఆయనకి సంగతి తెలిసిపోయింది. అరుణశ్రీని పక్కకి పిలిచి గొంతు పెంచకుండా మాట్లాడారు. ఆయన గొంతు పెంచకపోతేనే ఎక్కువ భయం.

"ఇది దైవకార్యమా, తిరణాలా? వీళ్ళు ఛైర్మన్ గారి కంట పడకూడదు. జువాలజీ ల్యాబులో కూర్చోబెట్టి బయట గడియ పెట్టు. కార్యక్రమం అయ్యేదాకా ఒక్క గజ్జె మోగకూడదు. మోగిందా, నీ సంతకం సంగతి మరిచిపో."

టిఫిన్లు తినిపించి మరీ పదహారు మంది పెద్దవాళ్ళని గదిలో పెట్టి గడియ వేయడమంటే అరుణశ్రీకి సిగ్గుగా ఉంది. అయినా ఏడాది చదువు కళ్ళముందు కనిపిస్తూంటే ఏం చేస్తుంది? "తాతా, కాసేపు ఈ గదిలో కూకోండి. కదలకండి. మీకు దండం పెడతాను," అని బతిమాలి లోపలికి పంపింది. సీసాల్లో కప్పలు, పాములు, మూలన వేలాడే ఎముకల గూడు. గంగులు ఆ గూటికేసి చూసి, "వీడెవడో శానా రోజుల్నుంచి కూకున్నట్టున్నాడు," అన్నాడు.

ఆడిటోరియానికి కప్పు లేదు కనుక కార్యక్రమం షామియానా కింద. స్టేజీ ల్యాబుకి ఆనుకునే ఉంది. బుల్లమ్మ రెండోసారి పొయ్యి రాజేసి ఉప్మా మొదలెట్టింది గానీ, కార్యక్రమానికి వేళయిపోయిందని ప్రిన్సిపాల్ గారు అతిథులని ఖాళీ కడుపుతోనే ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన ప్రారంభ ప్రార్థనకి కళ్ళు మూసుకోగానే ల్యాబులోంచి ఘల్లుమని వినపడింది. ఎవడికో కాలు తిమ్మిరెక్కింది. ప్రిన్సిపాల్ గారు ఒక కన్ను తెరిచారు. మళ్ళీ ఘల్లు. రెండో కన్నూ తెరిచారు.

"ఏమిటా చప్పుడు?" అన్నారు ఛైర్మన్ గారు.

"క్రిస్మస్ కదండీ, గంటలు," అంది రాజకుమారి మేడమ్ తడుముకోకుండా. అబద్ధమాడినందుకు వెంటనే లోలోపల క్షమాపణ కూడా చెప్పుకుంది.

గాయక బృందం లేచి పాటలు అందుకుంది. అరుణశ్రీ ల్యాబులోకి దూరింది. గంగులు గురువు స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు గజ్జెలు అరచేతులతో పట్టుకుని వంగి కూర్చున్నారు. నడుములు పడిపోయేలా ఉన్నాయి, అయినా ఎవరూ విసుక్కోలేదు. ఆ కూర్చున్న తీరు చూసి పిల్లకి ఏడుపొచ్చింది.

"ఏడుస్తన్నావేటమ్మా?"

"నా సదువు పోతాది తాతా. ఈ నాటకం పాడైతే సంతకం పెట్టరు, పరీక్ష రాయనివ్వరు." హాజరు సంగతంతా చెప్పేసింది.

"ఓసినీ! ఆ మాట ముందే సెప్పొద్దేటి? గజ్జె మోగదు, పో. అవునుగానీ గుంటా, ఆ నాటకం కతేటి?"

కళ్ళు తుడుచుకుంటూ క్లుప్తంగా చెప్పింది. పరాయి ఊళ్ళో నిండు చూలాలికి బసలో చోటు దొరకలేదు. పశువులు మేసే చోట బిడ్డని కంది. రాత్రి పొలంలో మంద కాసుకుంటున్న కాపరులకి దేవదూత కనిపించి ఆ కబురు చెప్పాడు. వాళ్ళు పరిగెత్తుకెళ్ళి చూశారు.

"ఆగాగు," అన్నాడు గంగులు. "ముందు కబురెవులికి సెప్పేడు? రాజులకా?"

"కాదు తాతా. కాపర్లకే. రాజులకి సెప్పనే లేదు."

గంగులు మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి, "ఇన్నారర్రా! ముందు కబురు మనకే వచ్చిందంట! మా కిట్టమూర్తీ గొల్లోళ్ళ ఇంటికే వచ్చాడు, మీ బాబూ గొల్లోళ్ళకే ముందు కనబడ్డాడు. ఇంత మంచి మాట ఇన్నేళ్ళూ మాకెవులూ సెప్పలేదేటమ్మా?" అన్నాడు. అప్పటినుంచి ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. లోపల పాట కడుతున్నాడని ఆమెకి తెలియలేదు. బయటికి పరిగెత్తింది.

బయట ఇంకో విపత్తు కాచుకుని ఉంది. మొదటి కాపరి వేషం పృథ్వీరాజ్‌ది. ఆరడుగుల వాలీబాల్ ఆటగాడు. తలకి మళ్ళీ అదే హాస్టలు తువ్వాలు చుట్టుకుని, ల్యాబు కిటికీ పక్కనే వేషంలో నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి పదహారు మంది అసలు కాపర్లు అతన్ని ఆపాదమస్తకం చూస్తున్నారు.

"నావల్ల కాదు అరుణా! నిజమైనోళ్ళు సూస్తా ఉంటే నేనెలగ సేస్తాను? నేను కర్ర పట్టుకున్నాను, అది సూసి ఒకాయన నవ్వేడు," అన్నాడు.

"నవ్వితే నవ్వనీరా, రెండు నిమిషాల పని!"

"నవ్వినా పర్లేదు. కర్ర తలకిందులుగా పట్టుకున్నావని కూడా సెప్పేడు."

అంతే. అతను ప్రహరీగోడ దూకాడు. మిగిలిన ఇద్దరు కాపరులూ కలిసి బతకాలన్నా చావాలన్నా అతని వెంటే అనుకునే రకం. వాళ్ళూ దూకారు. గోడ అవతల మూడు తువ్వాళ్ళు నెల్లిమర్ల వైపు వెళ్ళిపోతూ కనిపించాయి.

స్టేజీ మీద అప్పటికే తెర లేచింది. దేవదూత వేషం వేసిన ఉష, తెల్ల దుప్పటి కప్పిన బల్ల మీద నిలబడి రెక్కలు సర్దుకుని, రాజకుమారి మేడమ్ రాసిచ్చిన మాట గొంతెత్తి చెప్పింది. "కాపరులారా, లేవండి! మీ కోసం గొప్ప కబురు తెచ్చాను!"

లేవడానికి ఎవరూ లేరు. ఉష ఇటు చూసింది, అటు చూసింది. పోనీ వినపడలేదేమోనని మళ్ళీ చెప్పింది. జనంలో కిసుక్కుమన్నారు. ఖాళీ కడుపుతో ఉన్న బోర్డు మెంబర్లు గడియారాలు చూసుకున్నారు.

"కబురు తెచ్చింది సరే, కాపరులు ఏరమ్మా?" అన్నారు ఛైర్మన్ గారు. ప్రిన్సిపాల్ గారి మొహం పాలిపోయింది.

అరుణశ్రీ తెర పక్కన నిలబడి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే నాటకం పాడై సంతకం పోతుంది. తలుపు తీస్తే గజ్జెలు మోగి సంతకం పోతుంది. ఎలాగూ పోయేటప్పుడు నోరు మూసుకుని పోవడమెందుకు అనిపించింది. ఆ ఆలోచన రాగానే ఆమెకి భయం చిత్రంగా తగ్గిపోయింది. ఒక్క ఉదుటున వెళ్ళి ల్యాబు గడియ తీసింది.

"తాతా! కబురొచ్చింది, లెగండి!" అని ఆ గొంతుతో కేకేసింది. అది మైకులో వచ్చిన ఏ మాటకన్నా బాగా వినపడింది.

పదహారు జతల గజ్జెలు ఒక్కసారి మోగాయి. పదహారు తప్పెటల మీద ముప్ఫై రెండు అరచేతులు పడ్డాయి. షామియానా గుంజలు అదిరాయి. జనం మధ్యలో ఉన్న దారి వెంట రెండు వరసలుగా ఎగురుతూ వచ్చారు, ముందు గంగులు గురువు పాడుతూ:

"రాజులకి కబురు లేదు, మంత్రులకి మాట లేదు,
మందకాడ మనకొచ్చె ముందుగాను కబురూ!
పట్నమంతా నిద్దరోయె, పాకలోన దీపమెలిగె,
లెగండోయ్, లెగండర్రా, పిల్లోడ్ని సూడాల!"

ఆఖరి చరణం పదిహేను గొంతులు అందుకున్నాయి. రెండోసారికి వెనక బెంచీల కుర్రాళ్ళు అందుకున్నారు. మూడోసారికి బుల్లమ్మ ఉప్మా గరిటె పట్టుకునే వచ్చేసింది. చిన్నప్పటి నుంచి ఆ దెబ్బ విని పెరిగిన జనం, క్రైస్తవులూ హిందువులూ అని లేకుండా, కుర్చీల మీంచి లేచి నిలబడ్డారు. స్టేజీ ముందు మేళం ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మూడంతస్తుల గోపురం కట్టింది. అందరికన్నా పైన నిలబడ్డవాడి తల సరిగ్గా బల్ల మీద ఉష తలకి ఎదురుగా వచ్చింది. అతను తప్పెట వాయిస్తూనే, "ఆ పాక ఎటేపమ్మా?" అని అడిగాడు. ఉషకి రాసిచ్చిన మాటల్లో దానికి జవాబు లేదు. చేత్తో పశువుల పాక చూపించింది. గోపురం దిగి, పదహారు మందీ ఆ పాక ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తప్పెటలు ఒక్కసారిగా ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో రాజకుమారి మేడమ్ ముక్కు చీదుకోవడం అందరికీ వినపడింది. అరుణశ్రీ కూడా కళ్ళు తుడుచుకుంది. సంతకం గురించి కాదు. గడియ వేసిన గదిలో వంగి కూర్చున్న మనుషులు ఇలా వెలిగిపోతూ ఉంటే ఆమెకి గర్వంగా ఉంది.

ఛైర్మన్ గారు చప్పట్లు కొట్టలేదు. నుదురు ముడుచుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు చేతులు జోడించి లేచారు. "క్షమించాలి అయ్యగారూ, ఇది మా అనుమతి లేకుండా..."

"ఉండండి. నాకొక సందేహం," అన్నారు ఛైర్మన్ గారు. "కాపరులు ముగ్గురు కదా? పదహారు మంది ఎలా వచ్చారు?"

అరుణశ్రీ తెర పక్కనుంచి బయటికి వచ్చింది.

"ముగ్గురని ఎక్కడా లేదండి. నేను పదకొండుసార్లు చదివాను. కాపరులు అని ఉంది గానీ ఎంతమందో రాయలేదు. కేలెండర్లలో ముగ్గుర్నే వేస్తారు కాబట్టి మనం ముగ్గురనుకుంటన్నాం."

ఛైర్మన్ గారు ప్రిన్సిపాల్ గారికేసి చూశారు. ప్రిన్సిపాల్ గారు, అలాంటిదేమీ ఉండదన్న ధీమాతో, చంకలోని గ్రంథం తెరిచారు. వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుకుంటూ వచ్చారు. అధ్యాయం చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ మొదటికి వచ్చారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని ఇంకోసారి చూశారు.

"లేదండి," అన్నారు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

ఛైర్మన్ గారు అప్పుడు నవ్వారు. కుర్చీ కదిలేలా నవ్వారు. "నలభై ఏళ్ళ నుంచి ముగ్గురు, ముగ్గురు అని ప్రసంగాలు చేస్తున్నాను! ఎన్ని సెమీ క్రిస్మస్‌లు చూశాను, నిజంగా పరిగెత్తి వచ్చిన కాపరులని ఈ రోజే చూశాను. ఇంత మేళానికి ఈ షామియానా ఏం సరిపోతుంది? కప్పు వేయిస్తాను. ఇంతకీ ఈ ఆలోచన ఎవరిదండీ?"

కప్పు అన్న మాట చెవిన పడగానే ప్రిన్సిపాల్ గారిలో గొప్ప మార్పు వచ్చింది. జోడించిన చేతులు విప్పి ఛాతీ విరుచుకున్నారు.

"మా కాలేజీదేనండి. ఏదో మామూలుగా కాకుండా మన నేల వాసన ఉండాలని... హుద్‌హుద్ వచ్చిన మర్నాటి నుంచి, రోజూ, ఒక్క రోజు కూడా మానకుండా రిహార్సల్ చేయిస్తున్నాం."

హుద్‌హుద్ మర్నాడు విజయనగరంలో జనం తాగేనీళ్ళ కోసం బిందెలు పట్టుకుని తిరుగుతున్నారు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా రెండు బకెట్లతో కనిపించారు. రాజకుమారి మేడమ్‌కి దగ్గొచ్చింది.

"అద్భుతం!" అన్నారు ఛైర్మన్ గారు. "అయితే ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. రోజూ వచ్చిన విద్యార్థుల పేర్లు కూడా ఉండాలి. బోర్డు పత్రికలో వేయిస్తాను."

ప్రిన్సిపాల్ గారు మింగలేక కక్కలేక నిలబడ్డారు. చెప్పినమాట వెనక్కి తీసుకుంటే కప్పు పోతుంది. వెనకనుంచి రాజకుమారి మేడమ్ తెల్లకాగితం, పెన్ను అందించింది. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. అక్టోబరు పదమూడు నుంచి డిసెంబరు పదమూడు వరకు, సెలవులు పోగా యాభై పనిదినాలు, ద్వితీయ బి.యస్సీ అరుణశ్రీ ప్రతిరోజూ రిహార్సలుకు హాజరైనదని ఆయన తన చేత్తో రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశారు. పదిహేను రోజులకి బతిమాలిన పిల్లకి యాభై రోజులు వచ్చిపడ్డాయి.

ఉప్మా అందరికీ వచ్చింది. ఈసారి ముప్ఫై రెండు మందికీ ఒకే బంతి. గంగులు గురువు ఛైర్మన్ గారి పక్కన కూర్చున్నాడు. "మళ్ళా యేడు ఎప్పుడు రావాల బాబూ? ఆ బిడ్డ పెద్దోడయ్యి ఏటి సేసేడో అదీ పాట కట్టీయాల కదా," అన్నాడు. ఛైర్మన్ గారు తారీకు రాసుకున్నారు. అరుణశ్రీ నరసింగరావుకి ఫోను చేసి, "మావయ్యా, నువ్వు దేవుడివి," అంది. "ఏటే, సామాను సరిపోలేదా? ఇంకో మేళాన్ని పంపీమంటావేటి?" అన్నాడాయన కంగారుగా.

సోమవారం పొద్దున్న అరుణశ్రీ ఆ కాగితం నకలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా గణపతిరావు దాన్ని మూడుసార్లు చదివాడు. ఆ యాభై రోజుల్లో సగం రోజులు ఆమె పేరు రిజిస్టరులో మామూలుగానే పడి ఉంది. కానీ ప్రిన్సిపాల్ గారి సంతకం, ముద్ర ఉన్న కాగితంలో తప్పులు వెతకడం గణపతిరావు ఇంటావంటా లేదు. ఎనభైకి యాభై కలిపాడు. నూట ముప్ఫై. నూట పాతిక పనిదినాలకి నూట ముప్ఫై హాజర్లు. లెక్క సరిచూసుకుని తలెత్తాడు.

"నూట నాలుగు శాతం వచ్చిందమ్మా. నూరు దాటితే యూనివర్సిటీ కంప్యూటరు తీసుకోదు."

అరుణశ్రీ ఒక్క క్షణం ఆలోచించి, మిగిలిన నాలుగూ వచ్చే సంవత్సరం ఖాతాలో వేసి ఉంచమంది.